పిల్లి ఉన్న ఇంట ఎలుకను పెంచుట



ఏనుగు లక్ష్మణకవిని గురించి, పెద్దాపుర సంస్థానంతో ఆయనకున్న సంబంధాన్ని గురించి వివరంగా రాస్తానని కిందటి టపాలో మాట ఇచ్చాను. ఆ మాట సగమే చెల్లించగలుగుతున్నాను. లక్ష్మణకవి ఈ వ్యాసంలోకి తప్పక వస్తాడు. అయితే సంస్థానం కోసం కాదు, ఒక ఎలుక కోసం. 2022 వేసవిలో మా ఇంట జరిగిన సంగతి ఇది. ఇన్నాళ్ళూ రాయబుద్ధి కాలేదు. ఆ తరువాత నేను వెదికి చదివినదంతా నాతోనే ఉండిపోవడం భావ్యం కాదనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

విషయం చిన్నదే. పిల్లీ కుక్కా తిరిగే ఇంట్లో ఎలుకజాతి ప్రాణిని ముద్దుగా పెంచుకోవడం ఎట్లా? ప్రశ్న వినగానే ఎవరికైనా నవ్వు వస్తుంది. నాకూ వచ్చింది. ఆ నవ్వే మొదటి తప్పు.

పెద్దాపురంలో మాది తాతలనాటి పెంకుటిల్లు. వెనకవైపు ధాన్యపు గది ఒకటి ఉన్నది. అందులో ధాన్యం ఉండి ఎన్నో ఏళ్ళయింది. కొబ్బరికాయలు, విరిగిన కుర్చీలు, నా పాత పుస్తకాలు ఉంటాయి. ధాన్యం పోయినా పందికొక్కులు పోలేదు. మా ఊరు మెట్ట అంచున ఉన్నది. నాలుగడుగులు కిందికి వేస్తే గోదావరి డెల్టా. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసింది. కాలువ నీరు వచ్చిన చోటికల్లా వరి వచ్చింది, వరి వచ్చిన చోటికల్లా ఎలుక వచ్చింది. వెదురు బుట్టలు పన్ని చేలలో ఎలుకలను పట్టేవారు ఈనాటికీ డెల్టా ఊళ్ళలో కనిపిస్తారు. ఇళ్ళలో ఆ పని పిల్లిది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 ఏళ్ళనాటి సమాధిలో మనిషి పక్కన పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం దొరికినట్లు 2004లో ప్రకటించారు. మనిషి గింజలు దాచుకోవడం నేర్చిన నాటి నుంచీ దీనికి కొలువే. పిల్లి మన ఇళ్ళకు చుట్టపుచూపుగా రాలేదు, ఉద్యోగానికి వచ్చింది. మా ఇల్లాలు సాకే పిల్లి పేరు బంగారి. అది ఆ ధాన్యపు గదికి కావలి. వీధి అరుగు మీద కరియ అనే నాటుకుక్క ఉండేది. దాని ఉద్యోగమేమిటో దానికీ తెలియదు, మాకూ తెలియదు.

ఆ ఇంటికి మే నెలలో హైదరాబాదు నుంచి మా అబ్బాయి కుటుంబం వచ్చింది. ఐదో తరగతి ముగించిన మనుమరాలి ఒడిలో రెండు చిన్న బోనులు. వాటిలో రెండు హామ్‌స్టర్లు. తెలియనివారి కోసం చెబుతున్నాను, హామ్‌స్టర్ ఎలుకజాతికి చెందినదే. తోక ఉన్నదా లేదా అన్నంత పొట్టిగా ఉంటుంది. రెండు బుగ్గలలో సంచులుంటాయి. దొరికిన గింజలన్నీ వాటిలో కూరుకొని గూటికి చేరి దాచుకుంటుంది. తెలుగులో పేరు లేదు కదా అని 'బుగ్గసంచి ఎలుక' అని పెట్టాను. మనుమరాలు నవ్వి, "అది స్కూల్ బ్యాగు పేరులా ఉంది తాతయ్యా" అన్నది. ఆ పిల్ల పెట్టిన పేర్లు బెల్లం, పూతరేకు. ఒకటి బెల్లపు రంగు, రెండవది తెలుపు. ఈ జాతివి పెద్దవైన తరువాత ఒంటరిగానే ఉంటాయి. ఒకే బోనులో పెడితే చచ్చేటట్లు కొట్లాడుకుంటాయి. అందుకే రెండు బోనులు.

దారిలో పెట్టెల కింద పడి పూతరేకు బోను తలుపు విరిగిపోయింది. రాత్రి తొమ్మిది దాటింది. కొత్త బోను తేవాలంటే మర్నాడు కాకినాడ వెళ్ళాలి. "నేను చూస్తాను, మీరు పడుకోండి" అని అందరినీ పంపించాను. అటక మీద నుంచి మూత ఉన్న వెదురు బుట్ట దించి, అడుగున పాత గుడ్డలు పరచి, పూతరేకును అందులో పెట్టి మూత వేసి, మూత మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. పిల్లి తలకిందులుగా తపస్సు చేసినా ఆ పొత్రాన్ని కదపలేదు. పిల్లి కదపలేదు సరే.

తెల్లవారుజామున మా ఇల్లాలి కేకతో మెలకువ వచ్చింది. బంగారి నోట పూతరేకు ఉన్నది. కేకకు పిల్లి దానిని నూతిపళ్ళెం దగ్గర వదిలేసి గోడెక్కింది. పూతరేకు బతికే ఉన్నది. ఒంటి మీద ఆవగింజలంత గాట్లు రెండు, అంతే. పిల్ల లేచి వచ్చి దానిని చేతుల్లోకి తీసుకున్నది. పశువైద్యుడి దగ్గరకు పరుగెత్తాము. గేదెలను చూసే పెద్ద చేతులతోనే ఆయన ఎంతో సుకుమారంగా పరీక్షించి, నన్ను పక్కకు పిలిచి చెప్పారు. పిల్లి కోర సన్నగా సూదిలా దిగుతుంది. పైన గాటు కనిపించకుండా మూసుకుంటుంది. పిల్లి నోటిలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు లోపల మిగిలిపోతాయి. ఇంత చిన్న ప్రాణికి గాటు చిన్నదా పెద్దదా అన్న లెక్క లేదు. మందు వేశారు. సాయంత్రం దీపాలవేళకు పూతరేకు పోయింది.

ఇంతవరకు జరిగినది దురదృష్టం అనుకోవచ్చు. ఆ తరువాతది నా దోషం.

"పిల్లి మూత ఎలా తీసింది?" అని పిల్ల అడిగింది. నేను జవాబు చెప్పేలోపల మా ఇల్లాలు, "దొంగముండ, దానికి రాని విద్య లేదు" అన్నది. ఇల్లాలు బుట్టను చూడలేదు. నేను చూశాను. పొత్రం పెట్టినచోటే ఉన్నది. మూత మూసినట్లే ఉన్నది. బుట్ట అడుగంచున నిమ్మకాయంత కన్నం ఉన్నది. దాని చుట్టూ వెదురు పొట్టు రంపపు పొట్టులా రాలి ఉన్నది. రాత్రంతా కొరికి కన్నం చేసుకొని తనంతట తానే బయటికి వచ్చింది పూతరేకు. నేను ఆ బుట్టను తీసి ధాన్యపు గదిలో పుస్తకాల వెనక పెట్టాను. రెండు రోజులు ఇంట్లోవారందరూ పిల్లిని తిట్టారు. పిల్ల దానికి పాలు పోయనివ్వలేదు. సామర్లకోట సంతలో వదిలిరమ్మని మా అబ్బాయితో పంతం పట్టింది. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు సత్యవాక్యం మీద వ్యాసాలు దిద్దిన నేను నోరు విప్పలేదు.

మూడవనాడు మధ్యాహ్నం నిద్ర పట్టక పడుకుని ఉండగా లక్ష్మణకవి తట్టాడు.

భర్తృహరి నీతిశతకంలో దైవపద్ధతిలో ఒక శ్లోకం ఉన్నది. పాములవాడి బుట్టలో ఒక పాము. ఆశ వదులుకొని, ఆకలితో సొమ్మసిల్లి, చుట్ట చుట్టుకొని పడి ఉన్నది. రాత్రివేళ ఒక ఎలుక తినడానికేమైనా ఉన్నదేమోనని ఆ బుట్టను కొరికి, కన్నం చేసి, తిన్నగా పాము నోటిలోకే వెళ్ళింది. పాము ఆకలి తీర్చుకొని, ఎలుక చేసిన ఆ కన్నం గుండానే బయటపడి పోయింది. దీనిని మనకు తెలుగు చేసి ఇచ్చినది ఏనుగు లక్ష్మణకవి. 18వ శతాబ్దివాడు. మా పెద్దాపురం వత్సవాయ ప్రభువుల ఏలుబడిలోని వాడు. అసలు ఇంటిపేరు పైడిపాల అనీ, పూర్వులలో ఒకరికి ప్రభువు ఏనుగును బహూకరించగా ఏనుగువారైనారనీ చెబుతారు. ఆయన సుభాషితాలు తరతరాలుగా తెలుగు వాచకాలలో ఉన్నాయి. నేను తరగతిలో వాటిని చెప్పినప్పుడల్లా ఈ పద్యం కూడా చెప్పేవాడిని. ఎంతసేపూ దైవమే బలవత్తరమని వ్యాఖ్యానించేవాడిని. పాము పక్షాన నిలబడి చదివితే అది దైవమే. ఎలుక పక్షాన నిలబడి చదివితే? బుట్ట పక్షాన నిలబడి చదివితే? వెదురు బుట్ట ఎలుక పళ్ళకు ఆగదని, ఎలుక కొరికేటప్పుడు అవతల ఏమున్నదో ఆలోచించదని ఆ పద్యంలో స్పష్టంగా ఉన్నది. బయటివాడు లోపలికి వచ్చినా, లోపలివాడు బయటికి వచ్చినా కన్నం ఒకటే. మా ఊరి కవి తెనిగించిన పద్యం నోటికి వచ్చి ఉండి కూడా వెదురు బుట్ట దించినవాడిని నేను.

లేచి ధాన్యపు గదిలోకి వెళ్ళి బుట్ట తెచ్చి పిల్ల ముందు పెట్టాను. జరిగినది చెప్పాను. పద్యం కథ కూడా చెప్పాను. పిల్ల కన్నంలో వేలు పెట్టి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే నీకు ముందే తెలుసు కదా తాతయ్యా" అన్నది. తెలుసు. ఏమనగలను? ఆ సాయంత్రం పిల్లికి పాలు తనే పోసింది. నాతో మాత్రం మర్నాటి దాకా మాట్లాడలేదు.

బెల్లం మిగిలి ఉన్నది. దానిని ఎట్లా కాపాడాలన్నది ఇక కేవలం ఇంటి సమస్య కాదు, నా పరువు సమస్య. పండితుడి అలవాటు కనుక ముందు పుస్తకాల మీద పడ్డాను.

హితోపదేశంలో సంధి భాగంలో ఒక ముని కథ ఉన్నది. నా ఎరుకలో, పిల్లీ కుక్కా తిరిగే చోట ఎలుకను సాకినవారి కథలలో ఇంతకంటె ప్రసిద్ధమైనది లేదు. కాకి నోటినుంచి జారిపడిన ఎలుకపిల్లను ముని నివ్వరి గింజలు పెట్టి పెంచాడు. పిల్లి తరిమింది. దానిని పిల్లిని చేశాడు. కుక్క తరిమింది. కుక్కను చేశాడు. పులికి భయపడింది. పులిని చేశాడు. చివరికి ఆ పులి మునినే చంపాలని చూసింది. మళ్ళీ ఎలుకవు కమ్మన్నాడు. నీచునికి పెద్దపదవి తగదని నీతి. నా పాఠాలలోనూ అదే. ఇప్పుడు చదివితే ముని మీద కోపం వచ్చింది. అన్ని మంత్రాలు తెలిసిన మహానుభావుడికి పర్ణశాలకు ఒక తలుపు పెట్టాలని తోచలేదు. ప్రాణిని దాని స్వభావం నుంచి మార్చాలని చూశాడు గాని, చుట్టూ ఉన్న చోటును మార్చలేదు. 'మా పిల్లి మంచిది, నేర్పితే ఏమీ చేయదు' అనేవారిది కూడా అదే తపస్సు. శాంతిపర్వంలో ఇటువంటి కథే ఇంకొకటి ఉన్నది. అందులో మునివద్ద పెరిగినది కుక్క. ఎలుక గతి మాత్రం అక్కడ వేరు.

ఆ గతి చెప్పేదే ఆపద్ధర్మ భాగంలోని పలితుడనే ఎలుక కథ. మా ఊరి పాండవుల మెట్ట గుహలలో పాండవులు కొంతకాలం ఉన్నారని ఇక్కడివారి నమ్మిక. ఆ పాండవులలో పెద్దవాడికి, యుద్ధం ముగిసిన తరువాత, భీష్ముడు చెప్పిన కథ ఇది. మర్రిచెట్టు మొదట నూరు ద్వారాల కలుగులో పలితుడు ఉంటాడు. కొమ్మల మీద లోమశుడనే పిల్లి. ఒకనాడు పిల్లి వేటగాడి వలలో చిక్కింది. అదే సమయానికి పలితుడిని నేల మీద ముంగిస, చెట్టు మీద గుడ్లగూబ పొంచి చూస్తున్నాయి. పలితుడు పిల్లితో ఒప్పందం చేసుకొని దాని ఒళ్ళోనే దాగాడు. ముంగిస, గుడ్లగూబ విసిగి పోయాయి. వల తాళ్ళు మాత్రం పలితుడు వెంటనే కొరకలేదు. వేటగాడు కంటపడేవరకు ఆగి ఆఖరి తాడు తెంపాడు. పిల్లి చెట్టెక్కింది, ఎలుక కలుగులో దూరింది. తరువాత పిల్లి తీయని మాటలతో స్నేహానికి పిలిస్తే పలితుడు బయటికి రాలేదు. అవసరం తీరింది, ఇక నీవు నీవే, నేను నేనే అన్నాడు. ఈ కథలో ఎలుకను కాపాడినది పిల్లి మంచితనం కాదు. ఎలుక తెలివీ, కలుగూ. ఆ కలుగుకు నూరు ద్వారాలు. హితోపదేశంలోని హిరణ్యకుడిది కూడా నూరు ద్వారాల కలుగే. మనం బోనులో పెట్టిన ఎలుకకు ఒక్కటే ద్వారం, దాని గొళ్ళెం మన చేతిలో. కనుక పలితుడి తెలివి కూడా మనమే తెచ్చుకోవాలి.

ఈ వెదుకులాటలో, నేను కలలో కూడా అనుకోని చోట ఈ బుగ్గసంచి ఎలుకకు మన తీరంతో చుట్టరికం కనిపించింది. అలెగ్జాండర్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు సిరియాలోని అలెప్పో నగరంలో ఉండి ఆ ప్రాంతపు ప్రకృతి చరిత్రను 1756లో గ్రంథంగా వెలువరించాడు. ఆయన తరువాత తమ్ముడు పాట్రిక్ రస్సెల్ అక్కడే వైద్యుడుగా ఉన్నాడు. ఈ పాట్రిక్ 1780ల ఆరంభంలో విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయినాడు. మన తీరంలోని పాములను పట్టించి, ప్రజలు వాటిని ఏమని పిలుస్తారో అడిగి, తెలుగు పేర్లతోనే 1796లో గొప్ప గ్రంథం అచ్చువేయించాడు. రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు 'కాటుక రేకుల పొడ'. ఎంత అందమైన పేరు! ఆ పాముకు ఇంగ్లీషులో రస్సెల్ పేరే నిలిచింది. ఆయన 1789లో స్వదేశం వెళ్ళిపోయి, అన్నగారి అలెప్పో గ్రంథాన్ని పెంచి 1794లో రెండవ కూర్పు తెచ్చాడు. అందులో ఉన్నది మన బుగ్గసంచి ఎలుక. ఒకదానిని కోసి చూడగా బుగ్గ సంచులలో లేత చిక్కుళ్ళవంటి కాయలు పొడుగు వారగా, దగ్గర దగ్గరగా పేర్చి ఉన్నాయట. బల్లమీద విడిగా పోస్తే ఎలుక ఒంటికి మూడింతల రాశి అయినదట. ఎలుకలను తినే రక్తపింజరను, ఎలుకలలో ముద్దులమూటైన ఈ ప్రాణిని లోకానికి ఎరుకపరచిన పుస్తకాలు రెండూ ఒకే చేతిమీదుగా రెండేళ్ళ తేడాలో వెలువడ్డాయి. రస్సెల్ తరువాత కంపెనీ పదవి పొందినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1781 నుంచి ఉన్నది మా పక్కనున్న సామర్లకోటలో. మిరియం, నీలి, చెరకు పెంచి పరీక్షించినది అక్కడే. ఆయన కోరమండల్ మొక్కల గ్రంథం 1795లో వెలువడినప్పుడు ముందుమాట రాసినది పాట్రిక్ రస్సెలే. మా మనుమరాలి ఒడిలో కూర్చుని సామర్లకోట మీదుగా వచ్చిన బెల్లానికి ఈ ముచ్చట తెలిస్తే గింజలు ఇంకో నాలుగు కూరుకునేది.

1839లో శాస్త్రీయ నామం పొందిన తరువాత చాలాకాలం దాని మాట ఎవరూ ఎత్తలేదు. 1930లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన ఇజ్రాయెల్ అహరోని అలెప్పో దగ్గర గోధుమ చేనులో లోతుగా తవ్వించి ఒక తల్లిని, పదకొండు పిల్లలను పట్టాడు. కాలా అజార్ వంటి వ్యాధుల పరిశోధన కోసం వాటిని వెదికించినవారు సాల్ ఆడ్లర్. భయంతో తల్లి ఒక పిల్లను చంపింది, అహరోని తల్లిని చంపవలసి వచ్చింది. మిగిలినవాటిని విశ్వవిద్యాలయానికి చేర్చి చెక్క అడుగున్న బోనులో పెట్టారు. తెల్లవారేసరికి అయిదు చెక్కను కొరికి పారిపోయాయి. ఒక్కటీ ప్రాణంతో దొరకలేదు. ఈ వాక్యం చదివి పుస్తకం మూశాను. అంత పెద్ద విశ్వవిద్యాలయానికీ నాకూ ఒకటే తప్పు. వారి చెక్క, నా వెదురు. మిగిలినవాటి నుంచే సంతతి పెరిగింది. 1931లో ఇంగ్లండుకు, తరువాత లోకమంతటికీ వెళ్ళింది. ఇప్పుడు ఇళ్ళలో పెరిగే ఈ జాతి హామ్‌స్టర్లలో చాలా భాగం ఆ కుటుంబానివే.

ఎలుకలను ముద్దుకు పెంచడం కొత్తదేమీ కాదు. 1787లో క్యోటోలో రంగురంగుల చిట్టెలుకలను పెంచే పద్ధతి చెప్పే పుస్తకమే అచ్చయింది. లండనులో 19వ శతాబ్ది మధ్యలో జాక్ బ్లాక్ అనే ఎలుకలు పట్టేవాడు వింత రంగుల ఎలుకలను సాకి అమ్మేవాడు. ఆయన ఇంట్లోనే ఎలుకలను చంపడానికి తయారుచేసిన టెర్రియర్ కుక్కలూ ఉండేవి. అదే ఆయన జీవనం. హెన్రీ మేహ్యూ ఆయనను గురించి వివరంగా రాశాడు. ఒకే చూరు కింద రెండూ సాగాయంటే కారణం కుక్కలకు దయ కలగడం కాదు, ఎలుకలు ఇనుప తీగల వెనక ఉండడం. రాజస్థాన్ దేష్నోక్‌లోని కర్ణీమాత ఆలయం చూడండి. అక్కడ వేల ఎలుకలకు పాలు పోస్తారు. భక్తికి లోటు లేదు. అయినా గద్దలు దిగకుండా ఆవరణ పైన తీగల వల కట్టారు. భక్తి భక్తే, వల వలే.

ఇంత చదివాక మా ఇంటివైపు చూశాను. వంటింటి మూల మా అమ్మ కాలంనాటి జాలీ బీరువా ఉన్నది. కొత్తతరంవారికి తెలియదేమో. టేకు చట్రం, నాలుగు వైపులా సన్నని ఇనుప జాలి, తలుపుకు ఇత్తడి గొళ్ళెం. ఫ్రిజ్‌లు రాకముందు కాచిన పాలు, పెరుగు, నెయ్యి అందులో పెట్టేవారు. కాళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు ఉండేవి, చీమలు ఎక్కకుండా. అంతకు ముందు తరానికి ఉట్టి. మన ఆడవాళ్ళు పిల్లికి పాలు తాగవద్దని ఎన్నడూ నేర్పలేదు. కళ్ళు మూసుకొని తాగుతుందని సామెత కట్టి, పాలను జాలి వెనక పెట్టారు. వేల ఏళ్ళ శాస్త్రం వంటింటి మూల నిలబడి ఉంటే నేను అటక మీద బుట్ట వెదికాను.

బెల్లాన్ని దాని ఇనుప బోనుతో సహా ఆ బీరువాలో పెట్టాము. బోను విడిగా చాలదు. పిల్లి పంజా కమ్మీల సందులో దూరుతుంది, బోనును కింద పడదోస్తుంది. బీరువా విడిగా చాలదు. దాని చట్రం టేకే అయినా పళ్ళకు లొంగుతుంది. లోపలి పళ్ళకు ఇనుము, బయటి గోళ్ళకు జాలి, రెంటికీ నడుమ జానెడు ఖాళీ. జాలి కన్నం పావు అంగుళానికి మించకుండా చూశాము. అర అంగుళమైతే పిల్లది దూరిపోతుంది. బీరువాను గోడకు బిగించాము. కరియ ఉత్సాహానికి అడ్డు లేదు. అది కరుస్తుందన్న భయం కంటె తోక ఊపుతూ మీదపడి పడగొడుతుందన్న భయమే ఎక్కువ. బెల్లాన్ని చేతిలోకి తీసుకునే వేళ కుక్కను వీధిలో, పిల్లిని దొడ్లో ఉంచి, తలుపు గడియ వేసిన తరువాతనే బోను తీయడం నియమం. ముందు గడియ, తరువాత గొళ్ళెం. పిల్ల ఈ వరుసను పలక మీద రాసి తలుపుకు తగిలించింది.

ఒక చిక్కు మాత్రం మమ్మల్ని బాగా వేధించింది. మొదట బీరువాను నా పుస్తకాల గదిలోకి మార్చి తలుపులు కిటికీలు బిగించాము. మా మే నెల ఎండ సంగతి ఈ జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. హామ్‌స్టర్ వేడికి తాళలేదు. పిల్లి నుంచి కాపాడబోయి ఉడకబెట్టేవాళ్ళమే. రెండోనాడు మధ్యాహ్నం అది కాళ్ళు చాపి నేలకు అంటుకొని పడుకుని ఉండడం పిల్ల చూసింది. వెంటనే కిటికీలు తెరిచి, వాటికి జాలి కొట్టించి, బోను పక్కన తడిగుడ్డ చుట్టిన మట్టికుండ పెట్టాము. పాతకాలపు బీరువాకు నాలుగువైపులా జాలి ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది. పాలు కూడా గాలి ఆడకపోతే విరుగుతాయి.

బంగారి ఆ గది గుమ్మం ముందు గంటల తరబడి కూర్చునేది. లోపల చప్పుడే లేదు కదా, ఏం వింటున్నదని నా సందేహం. మన చెవి సెకనుకు సుమారు 20 వేల కంపనాల దాకా వింటుంది. పిల్లి చెవి 60 వేలు దాటి వింటుంది. ఎలుకజాతి తమలో తాము పిలుచుకునే సన్నని కూతలు మన చెవికి అందవు, పిల్లికి అందుతాయి. మనకు నిశ్శబ్దమైన గది దానికి సభామండపం. ఇక అటువైపు, పిల్లి వాసన తగిలినా, అది కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నా లోపలి ప్రాణికి గుండెదడే. 'పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం' అన్నవారు కరవడం గురించి మాత్రమే అనలేదనిపిస్తుంది. అందుకని గుమ్మం వైపు జాలికి గుడ్డ తెర కట్టాము. పిల్లిని నిమిరిన చేతితో బెల్లాన్ని ముట్టరాదని, చేతులు కడుక్కోవాలని ఇంకొక నియమం పలక మీదికెక్కింది. పిల్లి మాత్రం తన కొలువు మానలేదు. ఆ సంవత్సరం ధాన్యపు గదిలో పందికొక్కుల సందడి తగ్గిందని మా ఇల్లాలి సాక్ష్యం.

సెలవులు ముగిసి పిల్ల వెళ్ళేటప్పుడు బెల్లాన్ని మా దగ్గరే వదిలివెళ్ళింది. హైదరాబాదులో వారి అపార్టుమెంటుకు పక్కింటివారి పిల్లి బాల్కనీ మీదుగా వస్తుందట. నా మీద కోపం పోయినదో, బీరువా మీద నమ్మకం కుదిరినదో అడగలేదు. ప్రతి ఆదివారం ఫోనులో మొదటి మాట, "తాతయ్యా, గొళ్ళెం పెట్టావా?" తరువాతనే "బాగున్నావా?"

హామ్‌స్టర్ ఆయువు రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. బెల్లం 2024 మాఘమాసంలో, పిల్లి తాకకుండా, కుక్క తాకకుండా, ముసలితనంతో నిద్రలో పోయింది. నందివర్ధనం మొదట్లో, పూతరేకు పక్కన పెట్టాము. బోను శుభ్రం చేస్తుంటే గూడు కింద పెసలు, గుమ్మడి గింజలు గుప్పెడు బయటపడ్డాయి. పిల్లకు చెబితే, లెక్కపెట్టమన్నది. నూట నలభై రెండు.

జాలీ బీరువా మళ్ళీ వంటింటికి వెళ్ళింది. ఫ్రిజ్ ఉన్నా మా ఇల్లాలు పెరుగు అందులోనే పెడుతున్నది. ఇంతకూ దానిని మా వైపు జాలీ బీరువా అంటారు. మా అమ్మకు ముందు తరంవారు దానికి అచ్చతెలుగు పేరేదో వాడేవారని లీలగా జ్ఞాపకం, ఎంత తలుచుకున్నా నాలుక మీదికి రావడం లేదు. మీ మీ ఇళ్ళలో, మీ ప్రాంతాలలో దానిని ఏమనేవారో తెలిసినవారు దయచేసి తెలియజేయండి. లక్ష్మణకవి కాలనిర్ణయం వచ్చే టపాలో తప్పక రాస్తాను.